కోడికి మందు కొట్టినా కోడిపేలు ఎందుకు పోవు? గూట్లో కాచుకుని రక్తం తాగే పురుగుల సంగతి

ఈ ఎపిసోడ్ కొంచెం గీరుకోబుద్ధయ్యే ఎపిసోడ్. ముందే చెప్తున్నా, తింటూ చూస్తుంటే పాజ్ చేసి తర్వాత రండి.

సత్యవేడు దగ్గర ఒక పల్లె నుంచి ఒక అక్క వాయిస్ మెసేజ్ పెట్టింది. ఆమె మాటల్లోనే చెప్తా. "అబ్బయా, మా పెట్టను పన్నెండు గుడ్ల మీద కూర్చోబెట్టినా. పదహైదు రోజులు బాగానే పొదిగింది. మొన్న రాత్రి లేచి పోయి దూలం మీద కూర్చునేసింది. గంపలో చెయ్యి పెడితే మోచేతి దాకా పేలు పాకినాయి. కోడికి మందు పూసినా, మళ్ళీ వస్తానే ఉండాయి. ఏం జెయ్యాల?"

పన్నెండు గుడ్లంటే మనకు రెండు ఆమ్లెట్ల లెక్క కావచ్చు. ఆమెకు అది ఈ సీజన్ నాటుకోళ్ళ పెట్టుబడి మొత్తం. పొదగడానికి పట్టేది 21 రోజులు. పదిహేనో రోజు పెట్ట లేచిపోయిందంటే, లోపల పిల్ల దాదాపు తయారైన టైమ్‌లో గుడ్లు చల్లబడిపోతున్నాయన్నమాట. కాబట్టి దీన్ని మనం సీరియస్‌గానే చూద్దాం.

ఆ అక్క మెసేజ్‌లో సగం సమాధానం ఉంది. కోడికి మందు పూసింది. పేలు ఉన్నది గంపలో. నేను కోడింగ్ ఉద్యోగం చేసే రోజుల్లో ఇట్లాంటివి చాలా చూశా. ఎర్రర్ స్క్రీన్ మీద కనిపిస్తుంది, అందరూ స్క్రీన్‌నే గెలుకుతూ ఉంటారు, బగ్ మాత్రం సర్వర్‌లో హాయిగా కూర్చుని ఉంటుంది. ఇక్కడ నిజంగానే బగ్. దాని సర్వర్ ఆ గూడు.

మొదటి చిక్కు పేరు దగ్గరే వస్తుంది. మనం "కోడిపేను" అని ఒకే మాట వాడతాం. ఆ ఒక్క పేరు కింద కనీసం నాలుగు రకాల జీవులు ఉన్నాయి. ఒక్కోదాని అడ్రస్ వేరు.

అసలైన పేను కోడి ఒంటి మీదే పుట్టి, అక్కడే గుడ్లు పెట్టి, అక్కడే చస్తుంది. ఈకల మొదట్లో తెల్లగా గుత్తులు కనిపిస్తాయి చూడండి, అవి దాని ఈపులు. ఎక్కువ రకాలు ఈకల పొట్టు, చర్మం పొట్టు తిని బతుకుతాయి. ఒకటి రెండు రకాలు చర్మాన్ని గీరి రక్తం కూడా తాగుతాయి. వీటికి కోడికి మందు వేస్తే పని జరుగుతుంది, ఎందుకంటే కోడే వాటి ఇల్లు.

రెండోది అక్క మోచేతి దాకా పాకినది. మిల్లీమీటర్ కంటే చిన్నది, ఆకలిగా ఉంటే బూడిద రంగు, తాగేక ఎరుపు. దీన్ని మైట్ అంటారు. నిజానికి ఇది కీటకం కాదు. ఎనిమిది కాళ్ళు, సాలీడు వాళ్ళ వైపు చుట్టం. బయాలజీ స్టూడెంట్స్ నన్ను తిట్టకముందే చెప్పేశా. వీటిలో పౌల్ట్రీ రెడ్ మైట్ అనే రకం పగలంతా గంప అల్లిక సందుల్లో, గోడ పగుళ్ళలో, గడ్డి కింద దాక్కుంటుంది. చీకటి పడ్డాక కోడి ఎక్కి, తాగి, మళ్ళీ దిగిపోతుంది. మనలాంటి వేడి ప్రాంతాల్లో ఎక్కువగా కనిపించే ఇంకో రకం ట్రాపికల్ ఫౌల్ మైట్. ఇది కోడి మీద కాసేపు, గూట్లో కాసేపు, రెండు చోట్లా కాపురం చేస్తుంది.

మూడోది కోళ్ళ గోమారి. పశువులకు పట్టే గోమారి జాతే, కాకపోతే దీని తోలు మెత్తగా, ముడతలుగా ఉంటుంది. ఇది కూడా రాత్రి డ్యూటీయే. తినకుండా ఏళ్ళ తరబడి గోడ పగుల్లో ఉండగలదు. "రెండేళ్ళుగా ఆ గూట్లో కోళ్ళే లేవు, మళ్ళీ పెట్టగానే ఎట్ల వచ్చినాయి?" అని అడిగేవాళ్ళకు సమాధానం ఇదే. అవి ఎక్కడి నుంచో రాలేదు, ఎదురుచూస్తూ అక్కడే ఉన్నాయి. ఇది కోళ్ళకు స్పైరోకీటోసిస్ అనే జ్వరం కూడా అంటిస్తుంది.

నాలుగోది అంటుకుపోయే ఈగుడు లాంటి పురుగు, స్టిక్‌టైట్ ఫ్లీ. కుక్కలకు ఉండే గెంతే పురుగు జాతే ఇది. కానీ గెంతడం మానేసి కోడి కంటి చుట్టూ, తుట్టె మీద నల్లని చుక్కల్లా ముఖం గుచ్చుకుని రోజుల తరబడి కదలదు. చూస్తే కోడి ముఖానికి ఆవాలు అతికించినట్టు ఉంటుంది. అది పెట్టే గుడ్లు మాత్రం కిందికి రాలిపోయి, గూటి కింద మట్టిలో పిల్లలవుతాయి. అంటే దీని సగం జీవితం కోడి మీద, సగం మట్టిలో. ముఖం మీద ఉన్నవాటికి మందు పూసి మట్టిని వదిలేస్తే, కొన్ని వారాల్లో కొత్త బ్యాచ్ రెడీ.

ఇప్పుడు లెక్క చూద్దాం. నాకు ఇది బాగా నచ్చిన భాగం, కాస్త ఓపిక పట్టండి.

మామూలుగా కోడి ఒక చోట ఉండదు. తిరుగుతుంది, మట్టిలో పొర్లుతుంది, ముక్కుతో ఈకలు శుభ్రం చేసుకుంటుంది. పొదుగుకు కూర్చున్న పెట్ట మాత్రం రోజుకు పది ఇరవై నిమిషాలు దిగుతుంది, అంతే. 21 రోజులు ఒకే చోట, వేడిగా, చీకటిగా, కదలకుండా. రక్తం తాగే పురుగుకు ఇంతకంటే మంచి హోటల్ ఏముంది? రెడ్ మైట్‌కు అనువైన వేడి దొరికితే గుడ్డు నుంచి పెద్దదవడానికి ఒక వారం చాలు. కోడి 21 రోజుల్లో ఒక తరం పిల్లల్ని తీసే లోపల పురుగు మూడు తరాలు లాగించేస్తుంది. లెక్క కోసం అనుకుందాం: మొదట గంప సందుల్లో 20 ఆడ పురుగులు ఉన్నాయి, ఒక్కోదానికి ఐదు ఆడ పిల్లలు బతికాయి. మొదటి వారం చివర 100. రెండో వారం చివర 500. మూడో వారం చివర 2500. ఇది నేను ఊహించిన నంబరే. కానీ గ్రాఫ్ షేప్ చూడండి. మొదటి పది రోజులు ఏమీ తెలియదు. మూడో వారంలో ఒక్కసారిగా పేలిపోతుంది. అక్క పెట్ట పదిహేనో రోజు లేచిపోయిందంటే అందులో ఆశ్చర్యం లేదు.

ఇంకా దారుణం ఏంటంటే, ఆ గ్రాఫ్ పైకి పోయిన సరిగ్గా అప్పుడే పిల్లలు గుడ్డు పగలగొట్టుకుని వస్తాయి. ఈకలు లేని పల్చటి చర్మం, ఒంట్లో ఉన్నదే కొంచెం రక్తం. పిల్ల తుట్టె, నోరు లోపల తెల్లగా పాలిపోయి, తల వాల్చేసి కూర్చుంటే మనం "తెగులు తగిలింది" అనుకుంటాం. చాలాసార్లు అది రక్తహీనత. రాత్రి టార్చ్ వేసి చూడకపోతే కారణం కనిపించదు, పగలు ఆ పురుగులు అక్కడ ఉండవు కాబట్టి.

ఇది కోడి గంప ఒక్కదాని కథ కాదు. పక్షి గూళ్ళలో ఇదే డ్రామా కోట్ల ఏళ్ళుగా నడుస్తోంది.

మన మంచాల్లో ఉండే నల్లి ఉంది కదా, మా బార్డర్ సైడ్ అరవం కలిసిన ఊళ్ళల్లో మూట్టపూచ్చి అంటారు, దాని కుటుంబంలో సుమారు 100 రకాలు ఉన్నాయి. మనుషుల్ని పట్టుకున్నవి రెండు మూడే. చాలావాటికి ఆహారం గబ్బిలాలు, మిగతావాటికి పక్షులు: పావురాలు, వానకోవెలలు, స్విఫ్ట్‌లు. 2019లో వచ్చిన ఒక జన్యు పరిశోధన ఈ కుటుంబం వయసు 10 కోట్ల ఏళ్ళ పైనే అని తేల్చింది. అంటే డైనోసార్లు తిరుగుతున్న కాలం. గబ్బిలాలు కూడా అప్పటికి పుట్టలేదు. మన దగ్గర వేడి ప్రాంతాల్లో ఉండే నల్లి రకం అవకాశం దొరికితే కోళ్ళ షెడ్లలో కూడా కాపురం పెడుతుంది. అందుకే పడుకునే గది గోడకు ఆనించి కోళ్ళ గూడు కట్టొద్దని నేను గట్టిగా చెప్తా.

పక్షి నల్లుల గురించి అందరికంటే ఓపిగ్గా పని చేసింది అమెరికాలో చార్ల్స్ బ్రౌన్, మేరీ బాంబర్గర్ బ్రౌన్ అనే దంపతులు. 1980లలో నెబ్రాస్కాలో వంతెనల కింద మట్టి గూళ్ళు గుంపులుగా కట్టే క్లిఫ్ స్వాలో పక్షుల్ని చూడటం మొదలుపెట్టారు. మన కాలువల మీది వంతెనల కింద కూడా ఇలాగే మట్టి గూళ్ళు గుత్తులుగా కడుతుంది స్ట్రీక్ థ్రోటెడ్ స్వాలో అనే చిన్న పిట్ట, దానికి దగ్గరి బంధువు అది. బ్రౌన్ దంపతులు ఏం చేశారంటే, కొన్ని గూళ్ళకు పురుగు మందు పట్టించి, కొన్నిటిని అలాగే వదిలేశారు. మనం ఏ/బీ టెస్టింగ్ అంటాం చూడండి, అదే. నల్లులు ఎక్కువున్న పెద్ద గుంపుల్లో, మందు పట్టించని గూళ్ళలో పిల్లలు బరువు తగ్గాయి, బతికేవి సగం దాకా పడిపోయాయి. ఇంకో విషయం నాకు మరీ నచ్చింది. వలస పోయిన పక్షులు తిరిగొచ్చే టైమ్‌కి, నల్లులు పాత గూటి ద్వారం దగ్గరికి వచ్చి గుంపుగా కూర్చుంటాయి. బస్టాండ్‌లో చుట్టాల కోసం నిలబడినట్టు! పక్షులు ఆ ద్వారం దాకా వచ్చి, లోపలికి తొంగి చూసి, ఆ గూడు వదిలేసి వేరే గూడు వెతుక్కుంటాయి. పిట్టకు తెలుసు, ఇల్లు చూసి దిగాలని.

ఇక పావురాల దగ్గరికి వద్దాం. శ్రీసిటీలో పని చేస్తూ సత్యవేడు, వరదయ్యపాళెం, తడ సైడ్ రూములు తీసుకుని ఉండే బ్యాచిలర్స్ మనవాళ్ళు చాలామంది ఉన్నారు. మీకు ఇది పనికొస్తుంది. ఏసీ బయటి యూనిట్ వెనకో, బాత్రూమ్ వెంటిలేటర్‌లోనో పావురం గూడు పెడుతుంది. పావురం 18 రోజుల దాకా పొదుగుతుంది, ఇంకో నెల రోజులకు పిల్లలు ఎగిరిపోతాయి. ఎగిరిపోగానే మనకు హమ్మయ్య అనిపిస్తుంది. దురద మొదలయ్యేది కూడా అప్పుడే. అప్పటిదాకా గూట్లో భోజనం ఉంది, మైట్లకు మనతో పనిలేదు. భోజనం ఎగిరిపోయింది, ఆకలేసింది, కిటికీ సందు నుంచి వెచ్చగా ఉన్న దాని వైపు నడిచాయి. ఆ వెచ్చగా ఉన్నది మీరే.

మెడ మీద, చేతుల మీద, నడుము దగ్గర ఎర్రటి దద్దులు వస్తాయి. రూమ్‌లో ఒకడికి ఉంటుంది, ఇంకొకడికి ఉండదు. గజ్జి అనుకుని నెలల తరబడి క్రీములు పూసుకునేవాళ్ళు ఉన్నారు. గజ్జి చేసేది కూడా మైటే, కానీ అది చర్మం లోపల సొరంగం తవ్వి అక్కడే పిల్లలు పెడుతుంది, ఒకరి నుంచి ఇంకొకరికి అంటుతుంది. పక్షి మైట్ చర్మంలో దూరదు. కుట్టి పోతుంది. మనిషి రక్తం మీద దాని సంసారం సాగదు, పక్షి దొరక్కపోతే ఎక్కువ రకాలు రెండు మూడు వారాల్లో చస్తాయి. కాబట్టి డాక్టర్ దగ్గరికి వెళ్తే "సార్, మా కిటికీ దగ్గర పావురం గూడు ఉంది" అనే ఒక్క ముక్క చెప్పండి. ఆ డీటెయిల్ లేకపోతే ఎంత మంచి డాక్టర్‌కైనా ఊహించడం కష్టం.

పావురం గూట్లో ఇంకో విచిత్రమైన పురుగు ఉంటుంది, ఇది పక్కా కీటకమే: పావురం ఈగ. బల్లపరుపుగా, గోధుమ రంగులో ఉంటుంది. ఈకల మధ్య పీతలా పక్కకు పరిగెత్తుతుంది. వేళ్ళ మధ్య నలిపినా తొందరగా చావదు. ఆడది, మగది రెండూ రక్తం తాగుతాయి. దోమల్లో ఆడవే తాగుతాయి కదా, ఇక్కడ అట్ల కాదు. ఇది గుడ్లు కూడా పెట్టదు. పిల్ల పురుగును కడుపులోనే పూర్తిగా పెంచి, ఒక్కొక్కటిగా కంటుంది. ఆ పిల్ల కాసేపట్లోనే నల్లటి గింజలా గట్టిపడిపోయి, గూటి చెత్తలో పడి ఉంటుంది. సుమారు నెల రోజులకు ఈగై బయటికి వస్తుంది. గూడు తీసేటప్పుడు మిరియాల్లాంటి నల్ల గింజలు కనిపిస్తే, అవి ఇవే. పావురాలు పెంచేవాళ్ళు రెండు మూడు వారాలకోసారి గూటి చెత్త మార్చాలని చెప్పేది ఇందుకే. ఆ గింజ పగిలే లోపల అది బయటికి పోవాలి.

రక్తం తాగే పురుగు తీసుకోవడమే కాదు, ఇచ్చిపోతుంది కూడా. ఇక్కడ మన తెలుగు నేల ఒక చిన్న పాత్ర పోషించింది. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్‌లో, బేగంపేట దగ్గర, రోనాల్డ్ రాస్ ఒక దోమ కడుపు కోసి చూసి మలేరియా క్రిమి ఆనవాళ్ళు పట్టుకున్నాడు. ఆ దోమ కుట్టింది హుసేన్ ఖాన్ అనే పేషెంట్‌ని. కుట్టించుకున్నందుకు ఒక్కో దోమకు ఒక అణా ఇచ్చాడట. తర్వాత రాస్‌ని బదిలీ చేశారు, మనుషుల మీద పని ముందుకు సాగలేదు. అప్పుడు ఆయన పక్షుల వైపు తిరిగాడు. 1898లో కలకత్తాలో పిచ్చుకల మలేరియా తీసుకుని, క్రిమి దోమ కడుపు నుంచి దాని లాలాజల గ్రంథుల్లోకి ఎట్ల చేరుతుందో, కొత్త పిచ్చుకకు ఎట్ల అంటుకుంటుందో మొత్తం చూపించాడు. 1902లో నోబెల్ వచ్చింది. అంటే దోమ మలేరియాని ఎట్ల అంటిస్తుందో మొదట పూర్తిగా తేలింది పిచ్చుకల్లో. ఫొటోల్లో ఆ పిచ్చుకలు మాత్రం ఉండవు.

పావురం ఈగ కూడా ఇలాంటి పనే చేస్తుంది. మలేరియాకు చుట్టమైన హీమోప్రోటియస్ అనే క్రిమిని పావురం నుంచి పావురానికి మోస్తుంది. ఈగే మోస్తుందని అల్జీరియాలో సెర్జెంట్ సోదరులు 1906 ప్రాంతంలో చూపిస్తే, ఆ క్రిమి ఈగ ఒంట్లో ఎట్ల పెరుగుతుందో మన దేశంలో హెలెన్ ఆడీ అనే పరిశోధకురాలు 1915లో ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో రాసింది. ఆ రోజుల్లో ఒక మహిళ మైక్రోస్కోప్ ముందు కూర్చుని పావురం ఈగల పొట్టలు కోస్తూ ఉందంటే, నాకైతే ఒక సినిమా తీయాలనిపిస్తుంది. కంగారు పడకండి, ఈ క్రిమి మనుషులకు రాదు.

మరి పక్షులు ఊరికే కుట్టించుకుంటూ కూర్చుంటాయా? లేదు.

1981లో సేన్‌గుప్తా అనే పరిశోధకుడు ఈము అనే పక్షుల సైన్స్ పత్రికలో ఒక చిన్న పేపర్ రాశాడు. విషయం: మన దేశపు ఊరపిచ్చుకలు గూట్లో వేపాకులు ఎందుకు పెడతాయి? వేపలో అజాడిరక్టిన్ అనే పదార్థం ఉంటుంది. కీటకం పెరగాలంటే కుబుసం విడవాలి కదా, దాన్ని ఇది గందరగోళం చేస్తుంది. పిచ్చుక ఆకులు గూటికి మోసుకుపోయేది పురుగుల్ని దూరం పెట్టడానికే అని ఆయన వాదన. ఇప్పుడు మన పల్లెల్లో చూడండి. పొదుగు గంపలో అడుగున ఇసుక, బూడిద, పైన గడ్డి, మధ్యలో వేపాకో వావిలాకో పెడతారు. మన అవ్వలు పిచ్చుకను చూసి నేర్చుకున్నారో, పిచ్చుక మన అవ్వల్ని చూసి నేర్చుకుందో నాకు తెలియదు గానీ ఇద్దరూ ఒకే చోట మందు పెట్టారు. పక్షి ఒంటికి కాదు, గూటికి.

సిటీ పిట్టలు ఇంకా ముదుర్లు. మెక్సికో సిటీలో పిచ్చుకలు, హౌస్ ఫించ్‌లు సిగరెట్ పీకలు ఏరుకొచ్చి గూట్లో పరుస్తాయి. 2013లో అక్కడి పరిశోధకులు చూస్తే, పీకల్లోని దూది ఎక్కువున్న గూళ్ళలో మైట్లు తక్కువ ఉన్నాయి. నికోటిన్ పురుగు మందే కదా. కానీ తర్వాత అదే పరిశోధకులు పిల్లల రక్తం చూస్తే కణాల్లో డీఎన్ఏ దెబ్బతిన్న గుర్తులు కనిపించాయి. మందు పనిచేసింది, బిల్లు పిల్లలు కట్టాయి. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, అక్క గంప దగ్గర మళ్ళీ అవసరం పడుతుంది.

ఇంకొక్క చోటు చూసి ఇంటికి వచ్చేద్దాం: గాలాపగోస్ దీవులు. డార్విన్ ఫించ్‌లు అని స్కూల్ పుస్తకంలో చదివిన పిట్టలు. బయటి నుంచి వచ్చిన ఫిలోర్నిస్ డౌన్సి అనే ఈగ వాటి గూళ్ళలో పిల్లలు పెడుతోందని 1997లో బయటపడింది. పెద్ద ఈగ అమాయకురాలు, రక్తం జోలికి పోదు. దాని పిల్ల పురుగులు గూటి అడుగున పగలు దాక్కుని, రాత్రి వచ్చి పిట్ట పిల్లల రక్తం తాగుతాయి. కొన్ని గూళ్ళలో ఒక్క పిల్ల కూడా మిగలదు. మ్యాంగ్రోవ్ ఫించ్ అనే రకం ప్రపంచం మొత్తం మీద ఇప్పుడు దాదాపు 100 మాత్రమే. అందులో ప్రతి గూడూ లెక్కే.

అక్కడ చెట్టెక్కి ప్రతి గూటికీ మందు కొట్టడం కుదరదు. సారా నూటీ అనే పరిశోధకురాలి బృందం 2014లో ఒక ట్రిక్ ప్రచురించింది. పెర్మెత్రిన్ అనే మందులో తడిపిన దూదిని జాలీ డబ్బాల్లో వేలాడదీశారు. గూడు కట్టుకునే పిట్టలు దూది కనబడగానే పీక్కుపోయి తమ గూట్లో తామే పెట్టుకున్నాయి. ఒక గ్రాము మందు దూది చేరిన గూళ్ళలో పురుగులు దాదాపు కనిపించలేదు. ఎంత సింపుల్ చూడండి. మందు మనది, డెలివరీ పిట్టది, అడ్రస్ గూడు.

సరే, అక్కా, మీ గంప.

ముందు మీ గుడ్లు బతికున్నాయో లేదో చూడండి. చీకట్లో ఫోన్ టార్చ్ మీద గుడ్డు నిలబెట్టండి. పదిహేను రోజుల గుడ్డులో చాలా భాగం నల్లగా, అంచున గాలి గది, కాస్త కదలిక కనిపిస్తే ప్రాణం ఉన్నట్టు. వేరే పెట్ట ఏదైనా పొదుగు మీద ఉంటే వెంటనే దాని కిందికి మార్చేయండి. అదే పెట్టను మళ్ళీ కూర్చోబెట్టాలంటే కొత్త గంప కావాలి. పాత గంపలోకి అది రాదు. రాకపోవడం దాని తెలివి.

పాత గంపలోని గడ్డి మొత్తం ఇంటికి దూరంగా కాల్చేయండి. దిబ్బలో వేయొద్దు, నడిచి వస్తాయి. గంపకు అల్లిక సందుల్లోకి దిగేలా మరిగే నీళ్ళు పోసి, రెండు మూడు రోజులు ఎర్రటెండలో బోర్లించండి. గూడు గోడల పగుళ్ళు మట్టితో పూడ్చి సున్నం కొట్టండి. దాక్కోవడానికి సందు లేకపోతే ఆ పురుగుకు పగలు గడవదు. కొత్త గంపలో బాగా ఆరిన ఇసుక, జల్లించిన బూడిద. బూడిద ఎందుకంటే, పురుగు ఒంటి మీద నీరు ఆవిరి కాకుండా మైనం పొర ఉంటుంది. సన్నటి పొడి ఆ పొరను గీరేస్తుంది, పీల్చేస్తుంది, పురుగు ఎండిపోయి చస్తుంది. యూరప్ కోళ్ళ ఫారాల్లో రెడ్ మైట్ కోసం సిలికా పొడి వాడేది ఇదే సూత్రం మీద. మన పొయ్యిలోది ఫ్రీ. వేపాకు పెట్టండి, ఎండగానే మార్చండి. వేపాకు ఒక్కటే ఇంత పెద్ద గుంపును చంపుతుందని మాత్రం అనుకోవద్దు. మొదటి రోజు నుంచి పెడితే అడ్డం పడుతుంది, మూడో వారంలో పెడితే ఆలస్యం.

పురుగు ఉందో లేదో ముందే తెలుసుకోవడానికి ఒక చవకైన పని చెప్తా. ఆన్‌లైన్ ఆర్డర్ డబ్బాల్లో మడతల అట్ట వస్తుంది కదా, దాన్ని చిన్న ముక్క చుట్టి గంప అంచున దోపండి. దాక్కునే పురుగులకు ఆ గొట్టాలంటే ప్రాణం. రెండు రోజుల తర్వాత ఆ ముక్కను జిప్ కవర్లో వేసి ఫోన్ కెమెరా జూమ్ చేసి చూడండి. పొదుగు మొదలైన వారం లోపే ఈ పని చేస్తే గ్రాఫ్ పైకి పోకముందే పట్టుకోవచ్చు. ఫామ్‌లలో కూడా ఇట్లాంటి అట్ట ఉచ్చులే వాడతారు.

ఇప్పుడు మందుల గురించి, ఇక్కడ నేను మొహమాటం లేకుండా చెప్తా. పొలానికి కొట్టగా మిగిలిన మందు గంపలో కొట్టొద్దు. పాత ఇళ్ళల్లో ఇంకా "గమాక్సిన్ పొడి" అని డబ్బాలు తీస్తుంటారు. ఆ బీహెచ్‌సీని మన దేశంలో 1997లోనే నిషేధించారు. కొవ్వులో చేరి కూర్చుంటుంది, గుడ్డులోకి వస్తుంది. గుడ్డులోకి రావడం అంటే ఏంటో యూరప్ 2017లో చూసింది. నెదర్లాండ్స్, బెల్జియంలో కోళ్ళ షెడ్లలో రెడ్ మైట్ కోసం వాడిన మందులో ఫిప్రోనిల్ కలిసిందని తేలింది, తినే కోళ్ళకు దాన్ని వాడకూడదు. లక్షల కొద్దీ గుడ్లు షాపుల నుంచి వెనక్కి తీసి పారేశారు. అంత పెద్ద సిస్టమ్ ఉన్న చోటే అట్ల జరిగింది. మన గంపలో గుడ్డును టెస్ట్ చేసేవాళ్ళు ఎవరూ లేరు, మన పిల్లలే తింటారు. మందు తప్పదు అనుకుంటే ఊళ్ళో పశువుల డాక్టర్‌ని అడిగి, కోళ్ళకు వాడదగినదే, చెప్పిన కొలతలోనే, గూటికి వేయండి. పెర్మెత్రిన్ అయితే ఇంకో జాగ్రత్త: పిల్లికి అది విషం. వారం పది రోజులకు రెండోసారి తప్పకుండా వేయాలి. మొదటిసారి గుడ్లలో ఉన్నవి చావవు, అవి పెద్దవయ్యే లోపల వాటి పని పట్టాలి.

రూమ్ బ్యాచ్, మీకు. గూట్లో గుడ్లు గానీ పిల్లలు గానీ ఉంటే ఇప్పుడు తీయొద్దు. ఒకటి, అవి చస్తాయి. రెండు, భోజనం లేని మైట్లన్నీ ఆ రాత్రే మీ మంచం దగ్గరికి వస్తాయి. కిటికీ అంచులకు రెండు వైపులా అంటుకునే టేప్ వేయండి, మంచం గోడకు దూరం జరపండి, పిల్లలు ఎగిరేదాకా ఆగండి. ఎగిరిన రోజే గూడు తీయండి, మర్నాడు కాదు. మాస్క్ పెట్టుకుని, ముందు నీళ్ళు చిలకరించి, కవర్లో మూటకట్టి బయట పడేయండి. పావురం రెట్ట పొడి పీల్చడం ఊపిరితిత్తులకు మంచిది కాదు. తర్వాత ఆ చోటు సబ్బు నీళ్ళతో కడిగి, వల కొట్టండి. ఎగరడానికీ వల కొట్టడానికీ మధ్య గ్యాప్ ఇస్తే పావురం ఇంకో జత గుడ్లు పెట్టేస్తుంది, మళ్ళీ నెలన్నర వెయిటింగ్. గూడు తీశాక కూడా రెండు మూడు వారాలు అక్కడక్కడ కుట్టొచ్చు. అంతకు మించి కుడుతుంటే ఇంకో గూడు ఎక్కడో ఉంది, లేదా అవి పక్షివి కాదు, మీ పరుపులోని నల్లులే. పరుపు కుట్లు చూడండి.

చివరగా పిచ్చుక పెట్టెల సంగతి. మార్చి 20 స్పారో డే వస్తే చాలామంది చెక్క పెట్టెలు కొని గోడకు కొడుతున్నారు, మంచి పని. కొనేటప్పుడు మూత తెరుచుకునే పెట్టె తీసుకోండి. మేకులతో మొత్తం బిగించేసినవి అమ్ముతున్నారు, అవి వద్దు. ఒక ఈడు పిల్లలు ఎగిరిపోయాక, లోపల ఎవరూ లేరని రెండు మూడు రోజులు గమనించి, పాత గడ్డి మొత్తం తీసేసి, పెట్టెలో మరిగే నీళ్ళు పోసి ఎండబెట్టి మళ్ళీ తగిలించండి. మందు ఏమీ వేయొద్దు. పక్కన ఎక్కడైనా వేపచెట్టు ఉంటే మిగతాది పిచ్చుక చూసుకుంటుంది.